గృహమందలి కంప్యూటరునకు కరెంటు కాపుదల

ఈ సంవత్సరము మన విద్యార్థుల తలిదండ్రులు మమ్ము పరీక్షల మార్కులకంటె ఎక్కువ పర్యాయములు అడిగిన ప్రశ్న యొకటి కలదు. "మాస్టరుగారూ, పిల్లవానికి కంప్యూటరు కొంటిమి. దానికి ఏ యూ.పీ.ఎస్. తేవలెను?" భౌతికశాస్త్రము బోధించువారము గనుక అంగడిలోని పెట్టెల గుణదోషములు మాకు తెలిసియుండునని వారి తలంపు. పాఠశాల వాకిటనో, సంత దారిలోనో నిలుచుండి మేమిచ్చిన సమాధానములు సగములోనే ఆగిపోవుచుండెను. కావున తీరికగా నాలుగు మాటలు వ్రాయుటకు ఈ సంచికలో స్థలము కోరితిమి. సంపాదకులు దయతో నిచ్చిరి.

మా యభిప్రాయమును మొదటనే చెప్పుచున్నాము. పెట్టెను గూర్చి అడుగుటకు ముందు గోడలోని మూడవ తీగను గూర్చి అడుగవలెను. ఆ తీగ సరిగా నున్న పిమ్మట, వ్రాసికొన్నదానికి వేరొక ప్రతి యున్న పిమ్మట, పెట్టె యొక్క వంతు వచ్చును. ఈ వరుస అంగడివారికి రుచింపదు. ఏలయనగా మొదటి రెండింటివలన వారికి లాభము లేదు.

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకొన్న 2003వ సంవత్సర ప్రాంతమున కంప్యూటరునకు గొప్ప రాజోపచారములు జరుగుచుండెను. దాని గదికి శీతలయంత్రము, కిటికీలకు తెరలు, ద్వారమునకు తాళము. చెప్పులు వెలుపల విడిచి లోనికి పోవలసియుండెను. గది మూలను బీరువా యంతటి యూ.పీ.ఎస్. ఎల్లప్పుడును హుమ్మని మ్రోగుచు, దాని క్రింద వరుసగా బ్యాటరీలు పేర్చబడియుండెను. నేడు అదే యంత్రము మన యిండ్లలో బియ్యపు డ్రమ్ము ప్రక్కను, సీలింగు ఫ్యాను క్రిందను, బల్లి తిరుగు గోడకు ఆనుకొని యున్నది. ఉపచారములు పోయినవి గాని, యంత్రమునకు అపాయములు మాత్రము తగ్గలేదు. ఆ కళాశాలలోనే మాకు నేర్పిన బోధనాసూత్రమొకటి కలదు: తెలిసినదానినుండి తెలియనిదానికి నడిపింపవలెను. దాని ననుసరించి చెరువుతో ప్రారంభించెదము.

గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభము చెరువును మన ప్రాంతపు బాలురనేకులు చూచియుందురు. చెరువునకు కట్ట యుండును, తూము లుండును, నీరు మితిమీరినపుడు పొర్లిపోవుటకు అలుగు ఉండును. తూమువద్ద నీటి ఒత్తిడి యెట్టిదో తీగలోని వోల్టేజి అట్టిది. మన దేశమున గృహములకు వచ్చు వోల్టేజి 230. అది సెకండునకు 50 పర్యాయములు ఇటునటు ఊగుచుండును. ప్రకటించిన వోల్టేజికి నూటికి 6 వంతులకంటె ఎక్కువ తేడా యుండరాదని 1956 నాటి భారత విద్యుచ్ఛక్తి నిబంధనలు చెప్పెను. అనగా 216కు తగ్గరాదు, 244కు మించరాదు. ఈ లెక్క ఎనిమిదవ తరగతివారు వేసి చూచుకొనవచ్చును. వేసవి సాయంకాలము మోటార్లన్నియు నడుచు వేళ ఎవరి యింటనైనను వోల్టుమీటరు పెట్టి చూచినయెడల, నిబంధనకును తీగకును గల దూరము కనబడును.

ఇప్పుడు జబ్బులను విడదీయుదము. కరెంటు పూర్తిగా పోవుట ఒకటి. వోల్టేజి తగ్గి దీపములు మసకబారుట రెండవది. వోల్టేజి పెరిగి కొన్ని నిమిషములు, ఒక్కొక్కప్పుడు గంటసేపు, అట్లే నిలుచుట మూడవది. నాలుగవది ఇంగ్లీషువారు సర్జి అనునది. దీనిని మేము తరగతిలో ఉప్పెన యని పిలుచుచున్నాము. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను పెద్దల నోట వినియున్న పిల్లలకు వేరే వ్యాఖ్యానము అక్కరలేదు. దూరమున పిడుగు పడినపుడో, సమీపమున పెద్ద మోటారు ఆగినపుడో, తీగవెంట వందలు వేల వోల్టుల అల యొకటి పరుగెత్తి వచ్చును. అది సెకండులో లక్షల వంతుల కాలములో ముగియును. కన్ను దానిని చూడలేదు, దీపము రెప్పవేయదు. అయినను కంప్యూటరులోని సన్నని భాగములకు అంత కాలము చాలును.

రోగము లిట్లు నాలుగైనను, జనులు నాలుగింటికిని ఒకే మందు కోరుచున్నారు. అంగడివాడు ఆరు రంధ్రముల పలకనో, చిన్న పెట్టెనో చేతికిచ్చి, "ఇది పెట్టుకొనుడు, పదేండ్లు వెనుకకు తిరిగి చూడనక్కర లేదు" అనును. స్టెబిలైజరు మాట తీసికొనుడు. పల్లెటూళ్లలో ఇప్పటికిని కంప్యూటరునకు స్టెబిలైజరు కొనువారు కలరు. కంప్యూటరు పవర్ సప్లై వెనుకభాగమున 100–240 అని వ్రాసియున్నయెడల, వోల్టేజి 160కి తగ్గినను అది తన పని తాను చేసికొనును. రిఫ్రిజిరేటరు మోటారునకు కీడైన తక్కువ వోల్టేజి కంప్యూటరునకు అంత కీడు కాదు. అట్టి ఇంట స్టెబిలైజరునకు పోసిన రూపాయలు వ్యర్థమని మా యభిప్రాయము.

మూడవ రోగమును గూర్చి విస్తరించి వ్రాయవలసియున్నది. దానిని మేము చూచితిమి.

2018వ సంవత్సరము మే మాసమున ఒక శుక్రవారము సాయంత్రము గాలివాన వచ్చి, మేము అప్పుడు అద్దెకుండిన వీధిలో స్తంభముమీది న్యూట్రలు తీగ తెగెను. వీధి స్తంభములమీద మూడు ఫేజులు, ఒక న్యూట్రలు ఉండును. ఒక్కొక్క యింటికి ఒక ఫేజును న్యూట్రలును ఇచ్చెదరు. ఆ రెంటి నడుమ 230 వోల్టులు. రెండు ఫేజుల నడుమనైతే 400 వోల్టులు. న్యూట్రలు తెగినపుడు ఒక ఫేజు ఇండ్లును మరియొక ఫేజు ఇండ్లును గొలుసువలె ఒకదాని వెనుక నొకటి చేరి, ఆ 400 వోల్టులను పంచుకొనును. ఈ పంపకములో న్యాయము లేదు: ఎక్కువ సామానులు నడుచు నింటికి తక్కువ వోల్టేజియు, ఒక దీపము మాత్రమే వెలుగు పేదయింటికి ఎక్కువ వోల్టేజియు వచ్చును. మా యింట ఫ్యాను ఎన్నడు లేని వేగముతో తిరిగెను. దీపము తెల్లగా మండి పగిలెను. ప్రక్కయింటి టెలివిజను నుండి పొగ లేచెను. మా భార్య పరుగెత్తి మెయిన్ స్విచ్చి దించునప్పటికి, కంప్యూటరునకు రక్షణగా పెట్టిన స్పైక్ బస్టరు పలక కరగి వాసన కొట్టుచుండెను. పవర్ సప్లై కాలిపోయెను. దానితోపాటు హార్డ్ డిస్కును పోయెను.

ఆ డిస్కులో నున్నవాటిని గూర్చి చెప్పవలెను. మన పాఠశాల పాత ప్రవేశ రిజిష్టర్లు చెదలచేతను, తేమచేతను శిథిలమగుచుండుట చూచి, పెద్దల అనుమతితో వాటిని ఇంటికి తెచ్చుకొని సెలవులలో కంప్యూటరులో ఎక్కించుచుంటిమి. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, చేరిన తరగతి, విడిచిన తేది. 1960వ దశాబ్దపు పుస్తకములలో కొన్ని పుటలు ఎంత పెళుసుగా నుండెననగా, ఒకసారి త్రిప్పినంతనే అంచులు పొడియై రాలుచుండెను. అందుచే పుట త్రిప్పినపుడే దానిని పూర్తిగా ఎక్కించుట మా నియమము. శనివారము శనివారము వేరొక పెన్ డ్రైవులో ప్రతి తీయుచుంటిమి. ఉప్పెన వచ్చినది శుక్రవారము; పోయినది ఆ వారములోని అయిదు దినముల పని. దానిని తిరిగి ఎక్కించుటకు అయిదు దినములకంటె తక్కువే పట్టెను. రాలిపోయిన అంచుల మాట మాత్రము వేరు.

ఆ సంవత్సరాంతమున, పలకల గనులలో బహుకాలము పనిచేసిన ఒక వృద్ధురాలు పాఠశాలకు వచ్చెను. "అయ్యగారూ, నేను ఇక్కడనే అయిదవ తరగతి దాక చదివినాను. పింఛనుకు పుట్టిన తేది కాగితము అడుగుచున్నారు" అనెను. పేరు దొరికెను, తండ్రి పేరు దొరికెను. పుట అంచున సంవత్సరము నిలిచియుండెను. నెలయు తేదియు రాలిపోయెను. ఆ పుటను మేము ఆ గురువారము నాడే ఎక్కించియుంటిమి, గనుక చచ్చిన డిస్కులో అవి యుండెను. ఒంగోలులో చూపగా డిస్కు తిరుగుట లేదనిరి. హైదరాబాదునుండి వచ్చిన జవాబులో, అందలి విషయములను వెలికితీయుటకు క్రొత్త కంప్యూటరు ఖరీదునకు మించిన మొత్తము అడిగిరి. పాఠశాలవారు సంవత్సరము మాత్రమే చూపి ధ్రువపత్రమిచ్చిరి. ఆమె దానిని నాలుగు మడతలు పెట్టి కొంగున కట్టుకొని, "ఇది చాలునా, అయ్యగారూ?" అని యడిగెను. చాలునో చాలదో మేము చెప్పజాలక పోతిమి.

ఇక ఆ కరగిన పలక మాటకు వత్తము. అంగడిలో స్పైక్ బస్టరనియు, సర్జి ప్రొటెక్టరనియు అమ్మువానిలో నాణ్యమైనవాటి లోపల బిళ్లవంటి భాగము లుండును. వాటిని మెటల్ ఆక్సైడ్ వేరిస్టర్లందురు. జింకు ఆక్సైడు కణములతో చేయబడినవి. సాధారణ వోల్టేజియందు అవి గోడవలె నిలిచి కరెంటును పోనీయవు. వోల్టేజి ఒక హద్దు దాటగానే ద్వారము తెరచి, మితిమీరినదానిని ప్రక్కకు పారించును. ఇదియే మేము చెప్పిన అలుగు. అలుగు వచ్చిపోవు వరదకు కట్టినది గాని నిలిచిపోవు వరదకు కాదు. లక్షల వంతుల సెకండు ఉప్పెనను వేరిస్టరు మ్రింగగలదు. నిమిషములతరబడి నిలిచిన 350 వోల్టులను మ్రింగలేక ఎఱ్ఱగా కాలును. అందుచేతనే వేడికి తెగు ఫ్యూజు లోపల నున్న పలకనే కొనవలెను. న్యూట్రలు తెగుటవంటి ఆపదకు వేరొక సాధనము కలదు: వోల్టేజి హద్దు దాటినపుడు ఇంటినంతటిని తెంచివేసి, సరియైన పిమ్మట తానే కలుపు ఓవర్ వోల్టేజి కట్-ఆఫ్. దీనిని మీటరు ప్రక్క బోర్డులో ఎలక్ట్రీషియను అమర్చును. కంప్యూటరునకే గాక ఇంటి సామానులన్నిటికిని ఇది కాపుదల. మా స్వంత యింటికి మారిన పిమ్మట మేము పెట్టించుకొన్న వానిలో దీనికి తక్కువ ఖర్చైనది. పెట్టించుకొన్నందుకు ఎక్కువ సంతోషించినదియు దీనికే.

వేరిస్టరునకు ఇంకొక స్వభావము కలదు. మ్రింగిన ఉప్పెన కొకటిగా దాని బలము తరుగును. పైకి పలక క్రొత్తదివలెనే యుండును, సామానులు నడుచుచునే యుండును, లోపల కాపుదల మాత్రము చచ్చియుండును. కాపుదల బ్రతికియున్నదని చూపు చిన్న దీపము గల పలకను ఎంచుకొనుట మేలు. జౌల్స్ అను అంకె ఎంత పెద్దదైన అంత ఎక్కువ ఉప్పెనను అది ఓర్చుకొనును. ఆ అంకెయే వ్రాయని పలకలో బిళ్ల యున్నదనుటకు నిదర్శనము లేదు. అనేకములు రంధ్రములు, స్విచ్చి, ఎఱ్ఱదీపము తప్ప మరేమియు లేని పొడిగింపు తీగలే. వాటికి కాపుదల పేరెట్లు వచ్చినదో పేరు పెట్టినవారికే తెలియవలెను.

అలుగు పొర్లిన నీరు పోవుటకు వాగు ఉండవలెను గదా. ఆ వాగే మూడవ తీగ, అనగా ఎర్తు. ప్లగ్గులో లావుగా, పొడవుగా నున్న పుల్ల దానిదే. ఎర్తు లేకున్నను ఫేజు న్యూట్రలు నడుమ నున్న బిళ్ల కొంత పనిచేయును. కాని రెండు తీగలమీదను కలిసి వచ్చు ఉప్పెనకు భూమి తప్ప దారి లేదు. ఆ దారి లేనపుడు ఉప్పెన కంప్యూటరు గుండనే దారి వెదకికొనును. మేము అద్దెకుండిన ఆ యింట మూడవ రంధ్రము గోడకు అలంకారముగా నుండెను. వెనుక తీగయే లేకుండెను. ఇట్టి ఇండ్లు మన యూళ్లలో చాల కలవని ఎలక్ట్రీషియన్లు చెప్పుదురు. కంప్యూటరు పెట్టె లోహమును తాకినపుడు చేతికి చిమచిమలాడినయెడల అనుమానింపవలెను. విద్యార్థులు ఈ పరీక్షను స్వయముగా చేయరాదు. ఎలక్ట్రీషియను మల్టీమీటరుతో ఫేజునకు ఎర్తునకు నడుమను, న్యూట్రలునకు ఎర్తునకు నడుమను కొలుచును. మొదటిది 230కి దగ్గరగాను, రెండవది కొద్ది వోల్టులు మాత్రమే గాను ఉండవలెను. కొందరు శ్రమ తప్పించుకొనుటకు గోడలోనే న్యూట్రలును ఎర్తు రంధ్రమునకు కలుపుదురు. అది ప్రాణాపాయము, న్యూట్రలు తెగిన దినమున కంప్యూటరు పెట్టె యంతయు ఫేజగును.

మన నేల మాట ఒకటి చెప్పవలెను. మార్కాపురము చుట్టుపట్ల పలకరాతి నేల. తెలుగునాట మూడు తరముల పిల్లలు అక్షరములు దిద్దిన పలకలు ఈ నేలనుండి పోయినవే. పలకలకు మంచిదైన నేల ఎర్తునకు మంచిది కాదు. రాతికిని ఎండిన మట్టికిని కరెంటును పీల్చుకొను గుణము తక్కువ. డెల్టా ఊళ్లలో గొట్టము పాతి విడిచినను పనిచేయవచ్చును. ఇక్కడ గోతిని లోతుగా త్రవ్వి, సుమారు 2.5 మీటర్ల జి.ఐ. గొట్టమును నిలిపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేసి కప్పవలెను. ఇప్పుడు ఉప్పునకు బదులు బెంటొనైటు మట్టి వాడుచున్నారు. ఉప్పు గొట్టమును తినివేయును గనుక ఇదియే మేలు. వేసవిలో వారమున కొకసారి గొట్టపు గరాటిలో రెండు బిందెల నీరు పోయవలెను. మా గోతిని త్రవ్విన మేస్త్రీ నాలుగడుగులవద్ద రాయి తగులగానే, "ఇంతటితో చాలును మాస్టరుగారూ, ఎవరు చూడవచ్చెదరు?" అనెను. ఉప్పెన చూడవచ్చునని చెప్పితిమి. అతడు నవ్వి, గునపము మార్చుకొని, మరునాటి సాయంత్రమునకు లోతు ముగించెను. పిమ్మట కొలిపించగా 5 ఓములకు లోపల వచ్చెను.

ఇప్పుడు పెట్టె. యూ.పీ.ఎస్.లు మూడు జాతులు. ఆఫ్‌లైను జాతి కరెంటు ఉన్నంతసేపు దానినే యథాతథముగా కంప్యూటరునకు అందించి, పోగానే బ్యాటరీకి మారును. లైన్ ఇంటరాక్టివ్ జాతి ఆ పనితోపాటు హెచ్చుతగ్గుల వోల్టేజిని కొంతవరకు సరిదిద్ది, తనమీద వ్రాసిన పరిధి దాటినపుడు బ్యాటరీకి మారును. ఆన్‌లైను జాతి ఎల్లప్పుడును కరెంటును బ్యాటరీకి తగినట్లు మార్చి, తిరిగి క్రొత్తగా తయారుచేసి ఇచ్చును, మారుటయే లేదు. మా కళాశాల మూలను హుమ్మనినది ఇదియే. వెల ఎక్కువ, వేడి ఎక్కువ, రాత్రివేళ చప్పుడు ఎక్కువ. గృహమునకు రెండవ జాతి చాలును.

మారుటకు పట్టు కాలమును గూర్చి అంగడివారు భయపెట్టుదురు. చిన్న యూ.పీ.ఎస్.లు 4 మొదలు 10 మిల్లీసెకండ్లలో మారును. కంప్యూటరు పవర్ సప్లైలోని కెపాసిటర్లు నిండు బరువుమీద కూడ సుమారు 16 మిల్లీసెకండ్లు ఊపిరి బిగబట్టి నిలుచునట్లు చేయబడును. కాబట్టి భయము లేదు. ఇంట ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక స్విచ్చిని చూడవలెను. యూ.పీ.ఎస్. అను స్థానముననున్న అది త్వరగా మారును. సాధారణ స్థానమున 20 మిల్లీసెకండ్లకు మించి పట్టవచ్చును, అప్పుడు కంప్యూటరు ఆరిపోయి మరల వెలుగును. సైన్ వేవు ఇన్వర్టరు, 150 ఏ.హెచ్. ట్యూబులరు బ్యాటరీ ఇదివరకే యున్న ఇంట, స్విచ్చిని సరియైన స్థానమున పెట్టి, ఎర్తు చూపించుకొనిన, వేరే యూ.పీ.ఎస్. కొనవలసిన అవసరమే యుండకపోవచ్చును. ఈ మాట విని ముగ్గురు తలిదండ్రులు అంగడి గుమ్మమునుండి వెనుకకు వచ్చిరి.

కొనువారికి లెక్క. పెట్టెమీద 600 వి.ఏ. అని పెద్ద అక్షరములతో నుండును. అది వాట్లు కాదు. చిన్న పెట్టెలలో సాధారణముగా దానిని 0.6 తో గుణింపవలెను. 360 వాట్లు వచ్చును. బడిపిల్లవాని కంప్యూటరు, తెర కలిసి సుమారు 120 వాట్లు తీసికొనునని యెంచుదము. కావున బరువు మోయుటకు 600 చాలును. ఎంతసేపు మోయును? లోపలి బ్యాటరీ 12 వోల్టులు, 7 ఏ.హెచ్. రెంటిని గుణింపగా 84 వాట్-గంటలు. 84 ని 120 తో భాగించిన 42 నిమిషములు వచ్చును. కాని ఈ బ్యాటరీ నిదానముగా త్రాగిన నిండు కుండ, గబగబ త్రాగిన సగము కుండ. మార్పిడిలో కొంత నష్టము కూడ కలదు. 15, 20 నిమిషములు వచ్చిన సంతోషింపవలెను. ఆ వ్యవధి పని ముగించుటకు కాదు. వ్రాసినది భద్రపరచి, యంత్రమును మర్యాదగా ఆర్పుటకు. కొన్ని పెట్టెలకు యూ.ఎస్.బి. తీగ యుండును, దానిని కలిపి తగిన ప్రోగ్రామును ఎక్కించినయెడల మనుష్యుడు లేకున్నను కంప్యూటరు తానే ఆరును. లేజరు ప్రింటరును మాత్రము యూ.పీ.ఎస్.కు ఎన్నడును కలుపరాదు. కాగితముమీద పొడిని కరగించుటకు అది ఒక్కసారిగా వందల వాట్లు లాగును, పెట్టె కూలబడును. ఆటలకొరకు కొన్న పెద్ద కంప్యూటర్లకు యాక్టివ్ పీ.ఎఫ్.సి. అను పవర్ సప్లై యుండిన, మెట్లుమెట్లుగా నుండు అలను ఇచ్చు చవుక పెట్టె కొన్నిటికి సరిపడదు. నిజమైన సైన్ వేవు కావలెనని అడుగవలెను.

ఇంకను కంప్యూటరు కొనని వారికి మా సలహా ల్యాప్‌టాపు. దాని బ్యాటరీయే దాని యూ.పీ.ఎస్. వారికి ఎర్తు, మంచి పలక, ఇంటర్నెట్టు రౌటరునకు చిన్న బ్యాటరీ డబ్బా చాలును.

పిడుగు మాట. 1752లో బెంజమిను ఫ్రాంక్లిను గాలిపటముతో మేఘములలోని విద్యుత్తును పరీక్షించిన కథ పిల్లలకు తెలిసినదే. ఆయన కనుగొన్న పిడుగుకడ్డీ కట్టడమును కాపాడును. తీగలవెంట వచ్చు ఉప్పెనను ఆపుట దాని పని కాదు. మీటరు బోర్డులో అమర్చు రెండవ తరగతి సర్జి ప్రొటెక్షన్ డివైసు దూరపు పిడుగుల ఉప్పెనలను చాలవరకు ఆపగలదు. ఊరిమీద ఉరుములు వచ్చినపుడు మాత్రము ప్లగ్గును ఊడదీయుటకు మించిన సాధనము లేదు. దానికి వెల లేదు, గ్యారంటీ కాగితము లేదు. ఉరుములు దూరమున నుండగానే ఊడదీయవలెను, నడినెత్తిమీదికి వచ్చిన పిమ్మట తీగలను ముట్టరాదు. రాగి టెలిఫోను తీగ, డిష్ తీగ ఉన్నవారు వాటిని కూడ విడదీయవలెను. కరెంటు వాకిలి మూసిన ఉప్పెన ఆ కిటికీనుండి వచ్చును. గాజుపోగు తీగలో కరెంటు పారదు గనుక దానికి ఈ భయము లేదు.

ఆనాడు మంచి యూ.పీ.ఎస్. యున్నయెడల ఆ కంప్యూటరు బ్రతికియుండెడిదా యని మమ్ము మా సహోపాధ్యాయులొకరు అడిగిరి. బ్రతికియుండవచ్చును, యూ.పీ.ఎస్. చచ్చి కంప్యూటరు మిగిలియుండవచ్చును; రెండును పోయియుండవచ్చును. సొరుగులో, ఏ తీగకును తగులకుండ ఉన్న పెన్ డ్రైవు మాత్రము చావలేదు. ఇప్పుడు ప్రతి సాయంత్రము రెండు ప్రతులు తీయుచున్నాము. ఒకటి మా సొరుగులో నుండును. రెండవది మరునాడు పాఠశాల బీరువాకు పోవును. రిజిష్టర్ల పుటలను ఎక్కించుటకు ముందే ఫోనుతో ఫొటో తీయుచున్నాము. అంచులు రాలినను బొమ్మలో నిలుచును. ఈ యేర్పాటులో డబ్బు ఖర్చయినది రెండు పెన్ డ్రైవులకే. యూ.పీ.ఎస్. మేము కొన్నది లైన్ ఇంటరాక్టివ్, 600 వి.ఏ.; ఎర్తు గోతికైన కూలికంటె తక్కువ వెలకే వచ్చెను.

బ్యాటరీని గూర్చి వ్రాసి ముగించెదము. సీసము, ఆమ్లము గల బ్యాటరీని 1859లో ఫ్రాన్సుదేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనిపెట్టెను. నేటికిని చిన్న యూ.పీ.ఎస్.లో ఎక్కువగా నున్నది దాని సంతతియే. ఇది వేడికి ఓర్వదు. 25 డిగ్రీల చల్లదనమునకు చెప్పిన ఆయువు, వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగినకొలది సుమారు సగమగును. వేసవిలో 40 దాటు మన యూళ్లలో రెండు మూడేండ్లు పనిచేసిన అది తన ధర్మము నెరవేర్చినట్లే. పెట్టెను గోడకు అంటించి, పైన పుస్తకములు పేర్చి, ఎండ తగులు కిటికీవద్ద ఉంచరాదు. నెలకొకసారి, పని అంతయు భద్రపరచిన పిమ్మట, గోడ స్విచ్చిని ఆర్పి ఎంతసేపు నిలుచునో గడియారముతో చూచి గోడ క్యాలెండరుపై వ్రాసికొనుడు. ప్లగ్గు ఊడదీయక స్విచ్చిని ఆర్పినయెడల ఎర్తు తెగక నిలుచును. మా క్యాలెండరులో మొదట 18 నిమిషములుండెను, రెండేండ్లకు 11, పిమ్మట ఒక ఏప్రిలున 4. పైనుండి చూడగా బ్యాటరీ ప్రక్కలు ఉబ్బియుండెను. దానిని పాత ఇనుపసామానువానికి కిలోల లెక్కన వేయలేదు. సీసము పిల్లల మెదడునకు విషము, కాల్చి కరగించువారి వాకిళ్లలో పిల్లలు ఆడుచుందురు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థముల నిబంధనల ప్రకారము పాత బ్యాటరీలను తిరిగి సేకరించి శుద్ధికి పంపు బాధ్యత తయారీదారులది. అంగడికి తీసికొనిపోగా పాతదాని బరువునకు కొంత వెల కట్టి, క్రొత్తదాని ధరలో తగ్గించిరి. క్రొత్తదానికి క్యాలెండరులో మొదటి అంకె 19.